కోళ్ల గంప చెప్పే చరిత్ర

మన చరిత్ర అనగానే సేవాలాల్ మహారాజ్ నడిచిన దారులు, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన లదేణీలు గుర్తొస్తాయి. రోడ్లు, రైళ్లు వచ్చి ఆ వ్యాపారం దెబ్బతిన్నాక మన పెద్దలు తండాలు కట్టుకుని స్థిరపడ్డారు. అలా స్థిరపడిన ఇంటి ముందు గంప కింద చేరిన కోడికీ ఒక చరిత్ర ఉంది. తెలకపల్లి ప్రాంతపు తండాల యువత కోసం ఈ సంచికలో ఆ చరిత్ర చెప్పాలనుకున్నాం.

యాడీల చేతి పైసలు

ఎడ్లు, మేకలు, చేను లెక్కలు ఎవరి చేతిలో ఉన్నా, కోళ్ల పైసలు మాత్రం ఎక్కువగా మన యాడీల చేతిలోనే ఉండేవి. పిల్లల నోటుపుస్తకాలు, చుట్టం వస్తే కూర, ఆసుపత్రికి బస్సు కిరాయి, శీత్లా భవాని పండుగకు మొక్కు కోడి, అన్నీ ఆ గంపలోంచే. పాలమూరు వలసల కాలంలో ఇల్లు తాళం వేసి పోయేవాళ్లు కోళ్లను అమ్ముకునేవారు, లేదా తండాలో ఉండిపోయిన ముసలమ్మకు పాలుకు ఇచ్చేవారు. పిల్లల్లో సగం ఆమెకు, సగం కోడి ఇచ్చినవాళ్లకు. గంప ఖాళీ అయితే ఆ ఇంట్లో ఆడమనిషి చేతి పైసలు ఖాళీ అయినట్టే.

కొక్కెర రోగం

గంపను ఎక్కువసార్లు ఖాళీ చేసింది కొక్కెర రోగం. కోడి మునగదీసుకుని కూర్చుంటుంది, మేత ముట్టదు, ఆకుపచ్చగా రెట్ట వేస్తుంది, నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీస్తుంది. కొన్నింటికి మెడ వంకర తిరుగుతుంది, కాళ్లు రెక్కలు పడిపోతాయి. వారం తిరిగేసరికి మంద మొత్తం పోవచ్చు. పెద్దలు దీన్ని గాలి అన్నారు, దిష్టి అన్నారు, అమ్మవారి కోపం అన్నారు. కంటికి కనిపించని దానికి వాళ్ల దగ్గర ఉన్న పేర్లు అవే.

1926లో జావా దీవిలోనూ, ఇంగ్లాండులోని న్యూకాసిల్ దగ్గరా కోళ్లు ఇలాగే చచ్చాయి. ఆ తర్వాత కొద్ది కాలానికే కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో ఇదే రోగాన్ని గుర్తించారు. అందుకే మన పశువైద్యులు దీన్ని రాణీఖేత్ వ్యాధి అంటారు. కారణం ఒక వైరస్. వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఉంది. రాణీఖేత్‌కు దూరం కాని ముక్తేశ్వర్ పరిశోధన కేంద్రంలో 1940 దశకంలోనే టీకా తయారైంది. చిన్న పిల్లలకు వేసే లసోటా టీకాకు ఆ పేరు అమెరికాలోని ఒక రైతు కోళ్ల ఫారం నుంచి వచ్చింది.

అంటే ఎనభై ఏళ్లుగా టీకా ఉంది. మరి తండాల్లో గంపలు ఎందుకు ఖాళీ అవుతూ వచ్చాయి? టీకాను మంచు మీద తేవాలి. ఒక సీసాలో వంద కోళ్లకో అంతకంటే ఎక్కువకో సరిపడా మందు ఉంటుంది. కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఒక్క ఇల్లు ఆ సీసా తెచ్చి ఏం చేస్తుంది? వేల కోళ్ల ఫారాలకు కుదిరిన పద్ధతి చెదురుమదురు ఇళ్లకు కుదరలేదు.

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వేడిని కొంత తట్టుకునే ఐ-2 అనే టీకాను పల్లె కోళ్ల కోసం తయారుచేశారు. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఊరివాళ్లే నేర్చుకుని, నాలుగు నెలలకోసారి కోడి కంట్లో చుక్క వేస్తున్నారు.

గుడ్లు ఎందుకు తగ్గాయి

నాటుకోడి పన్నెండు నుంచి పదిహేను గుడ్లు పెట్టి, 21 రోజులు పొదిగి, రెండు మూడు నెలలు పిల్లల్ని తిప్పుతుంది. ఏడాదికి యాభై, అరవై గుడ్లే వస్తాయి. అది లోపం కాదు, దాని తీరు. ఈకలు రాల్చేటప్పుడు, పగలు తగ్గే చలికాలంలో, మండే ఎండల్లో గుడ్లు ఇంకా తగ్గుతాయి.

వెనక ఇంకో కారణమూ ఉంది. జొన్న, సజ్జ కళ్లాలున్న రోజుల్లో కోడికి రాలిన గింజ దొరికేది. చేన్లు పత్తికి మారాక ఆ గింజ పోయింది, పురుగుమందు వచ్చింది. కాబట్టి సాయంత్రం గుప్పెడు గింజలు మనమే వేయాలి. తోలుగుడ్లు పెడుతుంటే సున్నం చాలడం లేదని అర్థం. గుడ్డు పెంకులు కాల్చి, పొడి చేసి మేతలో కలపాలి. పెంకు అలాగే వేస్తే గుడ్లు పొడుచుకు తినడం మరుగుతుంది. పొదిగే కోడి పాలిపోయి లేచిపోతుంటే గూటి పగుళ్లలో గోమార్లు వెతకాలి. అవి రాత్రిపూట రక్తం పీలుస్తాయి. గూడు దులిపి సున్నం కొట్టాలి, బూడిద మట్టిలో కోళ్లను పొర్లనివ్వాలి. పొట్టపురుగులకు పశువుల డాక్టరు చెప్పిన మోతాదులోనే మందు తాగించాలి.

మీరు చేయగలిగింది

2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. తీర్మానం రాసే కలం ఇప్పుడు మన చేతిలో ఉంది. ఎండాకాలం రాకముందే ఒక టీకా రోజు పెట్టండి. ముందుగా ఇంటింటికీ తిరిగి కోళ్లను లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. మూడు నాలుగు తండాల లెక్క కలిపితే సీసా వృథా పోదు. మండల పశువైద్యశాలకు ఆ లెక్క ఇచ్చి, రోజు ఖాయం చేసుకోండి. తెల్లవారుజామున గంప ఎత్తకముందే పని మొదలుపెట్టండి. వారం వయసు పిల్లలకు లసోటా కంట్లో చుక్క, రెండు నెలలు దాటిన పడ్డలకు రెక్క దగ్గర సూది. గుడ్లు పెట్టే కోడికి ఆ సూది వేస్తే కొన్నాళ్లు గుడ్లు తగ్గుతాయి కాబట్టి, పెట్టకముందే వేయించాలి.

సంతలో కొన్న కోడిని రెండు వారాలు వేరుగా ఉంచండి. చచ్చినదాన్ని వాగులో పారేయకుండా సున్నం చల్లి పూడ్చండి. రోగం సోకిన కోడిని అగ్గువకు అమ్మితే రోగాన్ని పక్క తండాకు పంపినట్టే.

శీత్లా భవానికి మొక్కు మన యాడీలు ఇస్తూనే ఉంటారు. ఆ మొక్కు కోడి ఎండాకాలం దాటి బతికి ఉండేలా చూసే పని మీది.