యంత్రమునకెక్కిన జపాను డోలు

జపాను దేశమున డోలును తైకో యందురు. దేవాలయములలో పూజావేళలయందును, గ్రామోత్సవములయందును, వేసవిలో పితృదేవతలను స్మరించుచు చేయు బోన్ నృత్యములయందును ఈ వాద్యము మ్రోగుచుండును. ఇట్టి ప్రాచీన వాద్యము 2001వ సంవత్సరమున ఒక యంత్రమునకెక్కి పిల్లలకును పెద్దలకును ఆటవస్తువైనది. ఆ ఆట పేరు తైకో నో తత్సుజిన్. డోలు వాయించుటలో ప్రవీణుడని దాని యర్థము. పాత డోలునుండి ఈ యాట యేమి గైకొన్నదో, యేమి విడిచినదో విచారింతము.

కెయాకి యను చెట్టు మొద్దును తొలిచి, ఇరువైపుల పశుచర్మమును బిగించి, మేకులు కొట్టి పెద్ద తైకోను చేయుదురు. రెండు కర్రలతో చర్మము నడుమ కొట్టినచో ‘దోన్’ అనియు, అంచున కొట్టినచో ‘కా’ అనియు పలుకును. శిష్యులు ఈ శబ్దములను ముందు నోటితో పలికి, పిదప చేతితో వాయింతురు. మన మృదంగ విద్వాంసులు శిష్యులచేత జతులు పలికించుట యిట్టిదే.

పూర్వము తైకో పాటకో, నాట్యమునకో, పూజకో తోడుగా నుండెడిది. 1951వ సంవత్సరమున నాగానో ప్రాంతమున ఓగుచి దైహాచి యను జాజ్ వాద్యకారుడు చిన్నవి పెద్దవి యగు పలు డోళ్లను గూర్చి ప్రత్యేకమైన మేళమును స్థాపించెను. 1969లో సాదో ద్వీపమున కొందరు యువకులు చేరి ఒన్దేకోజా యను బృందమైరి. వారిలో కొందరు 1981లో కోదో యను బృందముగా నేర్పడిరి. ఇట్టి బృందములవలన తైకో విదేశములందును ప్రసిద్ధి గాంచెను.

ఇంతలో జపాను పట్టణములలోని ఆటశాలలయందు సంగీతపుటాటలు బయలుదేరెను. కోనామి సంస్థ 1997లో మీటలు నొక్కి, చక్రము త్రిప్పి తాళముననుసరించు ఆటను, 1998లో పాదములతో ఆడు ఆటను వెలువరించినది. 2001లో నామ్‌కో సంస్థ డోలునే యంత్రము ముందు నిలిపినది. తెరపై పాట సాగుచుండగా ఎఱ్ఱని గుండ్రములును, నీలి గుండ్రములును వరుసగా వచ్చును. ఎఱ్ఱనిది గుర్తు కడకు చేరినప్పుడు డోలు నడుమను, నీలిది చేరినప్పుడు అంచును కొట్టవలెను. పెద్ద గుండ్రము వచ్చినచో రెండు కర్రలను ఒక్కసారి వేసినవారికి ఎక్కువ ఫలము. సులభమునుండి ‘ఒని’, అనగా రాక్షసుడు, అను కఠినమైన మెట్టు వరకు తరగతులు గలవు. 2002లో ఇంటిలో ఆడుకొనుటకు చిన్న డోలును గూడ విక్రయించిరి.

ఈ యాట యింతగా ఆదరింపబడుటకు కారణము స్పష్టము. మీటల క్రమము నేర్వవలసిన పనిలేదు. డోలును జూచిన పసివాడును దానిని కొట్టవలెనని యెఱుగును. పాత ‘దోన్’, ‘కా’ భేదమే ఆటకు ప్రాణమై నిలిచినది.

అయినను విడిచినవి రెండు గలవు. ఒకటి నాదము. దెబ్బ ఏ క్షణమున, ఎచ్చట పడినదో యంత్రము చెప్పును. నాదము మధురమో కర్కశమో చెప్పదు. రెండవది చర్మము, దానితోపాటు దానిని బాగుచేసిన చేయి. జపానులో చర్మపు పనివారిని తరతరములు అంటరానివారుగా జూచిరి. ఉత్సవమున డోలునకు గౌరవము; చేసినవానికి ఊరి వెలుపల నివాసము. ఒసాకా నగరమున డోళ్లు చేయు నానివా పేటలోని యువకులు 1987లో తామే ఒక వాద్యబృందముగా నేర్పడి, తమ పూర్వుల శ్రమకు గౌరవము గోరిరి. మన గ్రామములలో డప్పు చేసినవారికిని, వాయించినవారికిని జరిగిన దేమో పెద్దలెల్లరు నెఱుగుదురు. ఆటశాల డోలునకు చర్మకారుని యవసరము లేదు గనుక, ఆడువానికి ఈ కథ తెలియు దారియు లేదు.

కాలమును తప్పక పాటించుట యంత్రము నేర్పగలదు. అది మంచి విద్యయే. ఆ యాటలో మెలకువ సంపాదించిన బాలుడు ఒకనాడు నిజమైన తైకో కడకు బోయి, దాని నాదమును విని, దానిని చేసిన వాని పేరు అడిగినచో, అప్పుడు ఆ విద్య పూర్ణమగును.