మందుకు లొంగని దిగులు, పక్కనున్న మనిషి

నిజాం కాలంలో ఓరుగల్లువాళ్లకు సర్కారీ మానసిక ఆసుపత్రి ఎక్కడో జాల్నాలో ఉండేది. 1950ల ఆరంభంలో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డకు వచ్చింది. నిజాం రాజ్యం బయట, బ్రిటిష్ ఇండియాలో, మానసిక రోగుల గురించిన 1912 చట్టం రోగిని చేర్పించే అర్జీ వీలైతే భర్తో భార్యో పెట్టాలంది. చేర్పించాక రోగి పక్కన ఉండే పని మాత్రం వాళ్లది కాదు. 1950ల్లో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ కుటుంబాలను గుడారాల్లో రోగుల పక్కనే ఉంచి ఈ పద్ధతిని తిరగేశారు. ఇప్పటి వైద్యంలో, రెండు రకాల మందులు సరిపడా మోతాదులో, కొన్ని వారాలు వాడినా తగ్గని డిప్రెషన్‌కు లిథియం కలపడం, కరెంటు చికిత్స వంటి దారులున్నాయి. మత్తు లేకుండా కరెంటు పెట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. తన తరఫున మాట్లాడే మనిషిని రోగే ఎంచుకోవచ్చనీ అంది. చాలా ఆలస్యంగా వచ్చిన హక్కు. మాత్రలు లెక్కచూసి ఇవ్వడం, నిద్ర, తిండి గమనించి డాక్టరుకు చెప్పడం, చావు మాటెత్తితే ఒంటరిగా వదలకపోవడం మాత్రం నేటికీ ఆలుమగలలో రెండోవారి వంతే.