పాడేరు ఘాట్‌లో పాత ఎజ్డీ

ఈ ఎపిసోడ్ ఎజ్డీ బండి గురించి. చెక్ దేశపు జావాని మైసూరులో రుస్తుం ఇరానీ గారి ఐడియల్ జావా కంపెనీ 1961లో తయారుచెయ్యడం మొదలుపెట్టింది. 1973 నుంచి పేరు ఎజ్డీ. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది, అప్పట్నుంచే సామాన్ల తిప్పలు.

పాడేరులో నేను బాగుచేస్తున్న బండికి కిక్ రాడ్డు లేదు. దీంట్లో గేరు రాడ్డే కిక్ రాడ్డు, లోపలికి నొక్కి పైకి తిప్పాలి. వేరే బండిది పట్టదు. విశాఖలో దొరికిన డూప్లికేట్ జారిపోతోంది. సరే, తోసి స్టార్ట్ చేసుకోవచ్చు.

బ్రేకు సంగతి అలా కాదు. టూ స్ట్రోక్ ఇంజన్ దిగుడులో బండిని పెద్దగా పట్టుకోదు, ఘాట్‌లో భారమంతా డ్రమ్ము బ్రేకులదే. అందుకే పాత షూలకి కొత్త లైనింగ్ వేయించా. ఒరిజినల్ పోయిందన్నారు కొందరు. పోనీండి. వచ్చే ఎపిసోడ్‌లో ఘాట్ దిగుతున్నా.