మా బేస్‌మెంటులో సిరియం కోట

మా పెద్దాడికి పదమూడో ఏట బొమ్మ సైనికుల పిచ్చి పట్టుకుంది. బొటనవేలు సగం ఎత్తు కూడా ఉండని సిపాయిలు, వాళ్ళకి రంగులు పూయడానికి మూడు వెంట్రుకల కుంచె, కళ్ళు చికిలించుకుని కూర్చునే మావాడు. మొదట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు. తీరా ఒక శీతకాలం బేస్‌మెంటులోని పింగ్‌పాంగ్ బల్ల మాయమై, దాని స్థానంలో ఆకుపచ్చ గుడ్డ పరిచిన యుద్ధభూమి వెలిసేసరికి, కిందికి దిగి చూడక తప్పలేదు.

ఆట సంగతి తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. చదరంగంలో లాగా గళ్ళుండవు. టేపు పెట్టి కొలిచి సైన్యాన్ని నడపాలి, పాచికలు వేసి గెలుపోటములు తేల్చాలి. చతురంగ బలాలను బల్ల మీదికి తెచ్చిన దేశం మనదే కనక వింతపడనక్కర్లేదు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే అధికారి తన సాటి అధికారుల శిక్షణ కోసం పటాల మీద ఆడే యుద్ధక్రీడని ప్రచురించాడు. 1913లో హెచ్.జి. వెల్స్ దాన్ని పిల్లల గదిలోకి తీసుకొచ్చి, చెక్క దిమ్మలతో ఇళ్ళు కట్టి, బొమ్మ ఫిరంగితో సిపాయిల్ని పడగొట్టే పద్ధతి రాశాడు. 1971లో అమెరికాలో వచ్చిన 'చెయిన్‌మెయిల్' మధ్యయుగపు యుద్ధాలకు నియమాలు కూర్చింది. ఇక బొమ్మ కోటల సంగతికొస్తే, ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ కొలువులో 1668 నుంచే సరిహద్దు కోటలకి 1:600 కొలతలో చెక్కతోనూ కాగితంతోనూ నమూనాలు చేయించారు. వాటిలో చాలా పారిస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. రాజుగారు కోట దాకా వెళ్ళకుండానే ముట్టడి గురించి మాట్లాడుకోవడానికి అవి పనికొచ్చేవి.

మావాడు కొనమన్నది ఒక ఇంగ్లీషు కోట. బూడిదరంగు బురుజులు, ఎత్తే వంతెన, పక్కన సత్రం, చర్చి. పెట్టె వెనక ధర చూసి, "ఈ అట్టముక్కలు మనమే కోసుకుందాం రా" అన్నాను. వాడు వెంటనే, "అయితే మనవాళ్ళ కోట కడదాం నాన్నా" అన్నాడు. నాకు మొదట తట్టింది ఓరుగల్లే. బయట మట్టిగోడ, లోపల రాతిగోడ, అగడ్త. 1310లో మాలిక్ కాఫూర్ సేనని వారాల తరబడి నిలబెట్టిన కోట. మధ్యయుగమంటే అసలు సిసలు అదే. కానీ అప్పుడు మా ఇంట్లో ఆరునెలల వీసా మీద వచ్చిన మా అమ్మ ఉంది. సోఫాలో కూర్చుని అంతా వింటున్నదల్లా, "మీ తాతయ్య పనిచేసిన సిరియంలో కూడా కోట ఉండేదట్రా. బుడతకీచులు కట్టిందని చెప్పేవారు" అంది. అంతటితో ఓరుగల్లు వాయిదా పడింది.

సిరియం అంటే నేటి తన్లిన్. యాంగోన్‌కి ఎదురుగా, బగో నది ఆవలి ఒడ్డున ఉంటుంది. 1993లో వంతెన వచ్చేదాకా పడవ మీదే దాటేవారు. యాంగోన్ ఇంకా చిన్న ఊరుగా ఉన్న రోజుల్లో ఆ తీరంలో పెద్ద రేవు ఇదే. 1599లో పెగూ రాజ్యం కూలిపోయాక అరకాన్ రాజు ఈ రేవుని తన కొలువులో ఉన్న ఫిలిప్ డి బ్రిటో అనే పోర్చుగీసువాడి చేతిలో పెట్టాడు. సుంకాల ఠాణా కట్టుకుంటానని మొదలుపెట్టిన ఆ పెద్దమనిషి కోట కట్టేశాడు. గోవా వెళ్ళి పోర్చుగీసు ప్రతినిధి ఇంటి పిల్లని పెళ్ళి చేసుకొచ్చి, రాజుకి ఎదురుతిరిగి తానే దొర అయి కూర్చున్నాడు. ఆ తీరానికొచ్చే ఓడలన్నీ తన రేవుకే వచ్చి సుంకం కట్టాలన్నాడు. 1608లో ష్వేడగోన్ పగోడాలోని ధమ్మజేది మహాఘంటని ఫిరంగులుగా పోతపోయడానికి తరలిస్తుంటే, తెప్ప విరిగి గంట నది అడుగుకి పోయిందని బర్మావారు ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికోసం వెతికిన గజ ఈతగాళ్ళకి లెక్కలేదు.

1613 అంటే చరిత్ర పుస్తకాల లెక్కన మధ్యయుగం దాటిపోయింది. మావాడి క్లబ్బులోని పెద్దలు ఈ మాటే అన్నారు. అయితే వెదురు తడికలు, ఆకు కప్పులు, గోడ కింద సొరంగం తవ్వి కోట పడగొట్టడం, ఇవన్నీ పాత కాలపు పద్ధతులే కదా అని సర్దిచెప్పుకున్నాం.

పని మొదలుపెట్టగానే మొదటి చిక్కు కొలతల దగ్గర వచ్చింది. మావాడి సిపాయి 28 మిల్లీమీటర్లు. అంటే నిజం మనిషికి ఇంచుమించు 56వ వంతు. ఇరవై అడుగుల గోడ నాలుగు అంగుళాల పైచిలుకు అవుతుంది, బాగానే ఉంది. మరి తుపాకీ? ఆనాటి తుపాకీ నూరు మీటర్ల దూరం కొడుతుందనుకుంటే, 56వ వంతున అది దాదాపు 180 సెంటీమీటర్లు. మా బల్ల పొడవే ఆరడుగులు! ఈ చివర నిలబడి ఆ చివర వాణ్ణి కాల్చేయొచ్చు, ఇక ఆటేముంది? అందుకని నియమాల పుస్తకాలు తుపాకీ దూరాన్ని అరవై సెంటీమీటర్లకి కుదిస్తాయి. అంటే మనిషికి ఒక కొలత, నేలకి ఇంకో కొలత. నిలువు 56వ వంతు, అడ్డం 167వ వంతు.

నేను పొద్దుట లేస్తే డేటాబేసులతో కుస్తీ పట్టేవాణ్ణి కనక ఈ లెక్కని అక్కడితో వదల్లేకపోయాను. ఆరు మీటర్ల ఇల్లు మనిషి కొలతలో పదకొండు సెంటీమీటర్లు. నేల కొలతలో నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండకూడదు. పొడవులో మూడింతలు, వెడల్పులో మూడింతలు. అంటే మేం బల్లమీద పెట్టే ప్రతి ఇల్లూ తొమ్మిదిళ్ళ చోటు ఆక్రమిస్తుంది. ఒకటి కట్టామంటే ఎనిమిది తీసేసినట్టే. ఈ ఆట ఆడేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. వీధికి రెండిళ్ళు పెట్టి ఊరనుకుంటారు. సరే, తీసేసేటప్పుడు ఏవి తీసేస్తాం? కోటా చర్చీ తీయం. దొరగారి ఇల్లు తీయం. చూడముచ్చటగా లేనివి, పేరులేనివి పోతాయి.

ఇళ్ళ తయారీ మాత్రం మహా సరదా. కోట గోడకి ఫోమ్ బోర్డు. దానిమీద ఇటుకల వరసల్ని మొద్దు పెన్సిలుతో నొక్కాలి. తన్లిన్ దిబ్బంతా ఎర్రటి రాతినేల కనక నేలకి కాఫీపొడి కలిపిన జిగురు పూసి, ఇటుకపొడి రంగు వేశాం. ఇళ్ళకి కబాబు పుల్లలు స్తంభాలు. వానలకీ వరదకీ భయపడి అక్కడ ఇళ్ళు నేల మీద నుంచి లేపి కడతారు. ఆకు కప్పు కోసం పాత తువ్వాలుని ముక్కలుగా కోసి, జిగురులో ముంచి, ఆరాక దువ్వెనతో దువ్వితే అచ్చం గడ్డిలాగే వస్తుంది. మా అమ్మ ఒక పూట చూసి, "కప్పు వాలు చాలదు, నీళ్ళు దిగుతాయి" అంది. ఆవిడ పుట్టిల్లు తాళ్ళరేవు దగ్గర తాటాకిల్లు. వాలు పెంచాం.

చర్చి దగ్గర తగువొచ్చింది. 2017లో నేను సింగపూర్ పని మీద వెళ్ళి, రెండు రోజులు మిగుల్చుకుని తన్లిన్ చూసొచ్చాను. చైక్‌ఖౌక్ పగోడా ఎక్కి దిగాక, కప్పులేని ఒక పాత ఇటుక చర్చి మొండిగోడల్ని ఫొటోలు తీశాను. మావాడు ఆ ఫొటో చూసి, "ఇదే డి బ్రిటో చర్చి, ఇది పెడదాం" అన్నాడు. అది 1750 ప్రాంతంలో ఇటలీ నుంచి వచ్చిన మతగురువులు కట్టినది. 1756లో అలౌంగ్‌పయా రాజు సిరియంని పట్టుకుని పాడుబెట్టినప్పుడు చర్చి కూడా పోయింది. అంతకు ఏడాది ముందే ఆయన యాంగోన్‌కి ఆ పేరు పెట్టాడు, రేవు కాస్తా అటు మళ్ళింది. "దాదాపు నూటనలభై ఏళ్ళ తరవాతి చర్చి 1613 బల్లమీద పెట్టకూడదు" అన్నాను. ముఖం ముడుచుకున్నా ఒప్పుకున్నాడు. ఈ మాట నామీదికే తిరిగొస్తుందని నాకప్పుడు తెలియదు.

"మరి ఇందులో మనవాళ్ళేరీ?" అన్నది వాడి తరవాతి ప్రశ్న. ఉన్నారు. ఆ రోజుల్లో పెగూ తీరానికి వెళ్ళే సరుకులో ముఖ్యమైనది మన కోరమండల్ బట్ట. 1569లో పెగూ చూసిన వెనిస్ వర్తకుడు చేజరే ఫెడరీచి అక్కడ మన తీరపు ఎర్రబట్టకున్న గిరాకీ గురించి రాశాడు. ఆ ఎరుపు చిరివేరుది. ఉతికేకొద్దీ మెరుగెక్కే రంగని దానికి పేరు. మచిలీపట్నం నుంచి ఓడలు గోల్కొండ రాజ్యపు బట్ట వేసుకుని బంగాళాఖాతం దాటేవి. డి బ్రిటో సుంకాలు పిండుకున్నది ఇలాంటి ఓడల దగ్గరే. కాబట్టి రేవు పక్కన ఒక గిడ్డంగి కట్టాం, ఎర్ర కాటన్ గుడ్డముక్కల్ని చుట్టి మూటలు పేర్చాం. ఆట నియమాల్లో వర్తకుడికి చోటు లేదు. అతను కొట్టడు, చావడు, పాచిక వెయ్యడు. మావాడే ఒక నియమం రాశాడు: గిడ్డంగి అంటుకుంటే ఎవరు గెలిచినా సగం మార్కులే.

ముట్టడి అసలు కథ ఇలా నడిచింది. 1613 మొదట్లో ఆవా రాజు అనౌక్‌పెట్లున్ వచ్చి చుట్టుముట్టాడు. లోపల తుపాకీమందు చాల్లేదు. నెల పైచిలుకు గడిచాక, గోడ కింద సొరంగాలు తవ్వి కోట పట్టుకున్నారు. డి బ్రిటోని కొరత వేశారు. అతనితో చేతులు కలిపిన తౌంగూ రాజు, కవిగా బర్మాలో నేటికీ పేరున్న నట్‌షిన్‌నౌంగ్‌నీ చంపేశారు. మిగిలిన పోర్చుగీసు వాళ్ళని ఉత్తరాదికి తీసుకుపోయి ఊళ్ళిచ్చి కాపురాలు పెట్టించారు. వాళ్ళు తరాల తరబడి బర్మా రాజులకే ఫిరంగులు పేల్చారు. బయింజీలంటే వాళ్ళ వారసులే. మా బల్లమీద మాత్రం మొదటి ఆటలో డి బ్రిటోనే గెలిచాడు. పాచికలు అటు పడ్డాయి.

ఆ రాత్రి మా అమ్మ కిందికి దిగి బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. "లైన్లెక్కడ్రా?" అంది.

లైన్లంటే కూలీ లైన్లు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో బర్మా ఆయిల్ కంపెనీ సిరియంలో పెద్ద నూనె శుద్ధి కర్మాగారం నడిపింది. 1909లో యెనాంజాంగ్ బావుల నుంచి అక్కడిదాకా గొట్టాలు వేశారు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి రంగం వెళ్ళిన వేలాదిమందిలో మా తాతయ్య ఒకడు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళందర్నీ 'కోరింగీ'లనేవారు. అది పిలుపూ, తిట్టూ రెండూను. 1930 మేలో రంగూన్ రేవుల్లో పని దగ్గర మొదలైన తగువు అల్లర్లుగా మారి మనవాళ్ళు ఎందరో చచ్చిపోయారు. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాక తాతయ్య నడక మొదలుపెట్టాడు. ప్రోమ్ దగ్గర ఇరావదీ దాటి, కొండలెక్కి, అరకాన్ తీరం మీదుగా ఇంటికొచ్చాడు. 1942 మార్చి 7న, జపానువాళ్ళ చేతికి చిక్కకూడదని ఇంగ్లీషువాళ్ళే సిరియం కర్మాగారాన్ని పేల్చేశారు. "అరకలో ఎద్దులాగా పదేళ్ళు పనిచేసిన చోటు, పొగ కూడా చూడలేదే" అనేవాడట తాతయ్య. లైన్లో ఆయనతో ఒకే గది పంచుకున్న ఇద్దరు కొండల్లోనే ఉండిపోయారు. వాళ్ళ పేర్లు అమ్మకి తెలుసు. మా ఇంట్లో ఇంకెవరికీ తెలియవు.

"నాన్నమ్మా, అది 1942. ఇది 1613. కుదరదు" అన్నాడు మావాడు, అచ్చం నా గొంతుతో. నాకు నోట మాట రాలేదు. వాడిది తప్పు కాదు. ఆ నియమం పెట్టింది నేనే, అది సరైన నియమమే. అమ్మ ఏమీ అనకుండా పైకి వెళ్ళిపోయింది.

రెండు రోజుల తరవాత చూస్తే వాడు అమ్మ పక్కన కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. గది ఎంత వెడల్పు, తలుపు ఎటువైపు, వంట ఎక్కడ చేసుకునేవారు, కొళాయి ఎన్ని గదులకి ఒకటి అని అడుగుతున్నాడు. తాతయ్య చెప్పగా విన్నవి ఆవిడ చెబుతున్నది. ఒకే పొడుగు కప్పు కింద పది గదులు, గదికి ఒక తలుపు, కిటికీ లేదు. వాడు దాన్ని 56వ వంతునే కట్టాడు. కానీ నేలని కుదించలేదు, ఏ గదీ తీసేయలేదు. బారెడు పొడవు వచ్చింది.

అది బల్ల మీదికి ఎక్కలేదు, ఎక్కకూడదు కూడా. ఆ ఏడు సంక్రాంతికి అమ్మ పెట్టిన బొమ్మల కొలువులో కింది మెట్టు మీద, కొండపల్లి పల్లెపడుచుల పక్కన పెట్టాం. పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళు "ఇదేమిటండీ, రైలు పెట్టెలా ఉంది?" అని అడిగారు. అమ్మ మూడో తలుపు చూపించి తాతయ్య పేరు చెప్పింది. తరవాత మిగతా ఇద్దరి పేర్లూ చెప్పింది. మావాడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, రంగు ఆరకముందే ఆ గది అడుగున అంటించాడు.