నన్నయ తన హెల్పర్ పేరు చెప్పాడు, నేను దాచాను

ఇవాళ్టి ఎపిసోడ్ హిస్టరీనే. కానీ మొదలు మాత్రం మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో.

రెండు నెలల క్రితం అక్కడ ఒక చర్చ నడిచింది. గుడికెళ్లి అర్చన చేయిస్తేనే భక్తా, ఇంట్లో కూర్చుని నామస్మరణ చేసుకుంటే సరిపోదా అని. మా పెదనాన్నది అద్దంకి, తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన అర్చన పక్షం. నేనేమో రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసుకి పరిగెత్తే రోజుల్లోనే గుడికి వెళ్లడం మానేసినవాణ్ణి కాబట్టి, నామస్మరణ పక్షం. నిజం చెప్పాలంటే నా దగ్గర పాయింట్ ఏమీ లేదు. ఒక ఏఐ టూల్ ఓపెన్ చేసి, పోతన భాగవతం నుంచి ఆధారం చూపిస్తూ మంచి తెలుగులో జవాబు రాయి అన్నాను. పది సెకన్లలో నాలుగు పేరాలు వచ్చాయి. సప్తమ స్కంధం అని చెప్పి ఒక కంద పద్యం, దానికో నంబరు, కింద తాత్పర్యం. కాపీ, పేస్ట్. వరసగా చప్పట్ల ఎమోజీలు. మా పిన్ని అయితే "మావాడు ఇంత చదివాడా!" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. నేను "థాంక్స్ పిన్నీ" అన్నాను. ఆ థాంక్స్ దగ్గరే నేను దొంగనయ్యాను.

మర్నాడు పొద్దున పెదనాన్న ఫోన్ చేశారు. గ్రూపులో కాదు, విడిగా. "ఒరేయ్ అబ్బాయ్, ఆ పద్యం నా పుస్తకంలో కనపడట్లేదురా. నీది ఎవరు వేసిన ప్రతి?" అని అడిగారు. ఏదో పీడీఎఫ్ పెదనాన్నా అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "కందం అన్నావు కదా, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం చూసుకో" అని పెట్టేశారు.

చూశాను. మొదటి పాదంలో ర, రెండో పాదంలో ల, మూడో దాంట్లో త, నాలుగో దాంట్లో మళ్లీ ర. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు ఉండాలి, అదే ప్రాస. అది లేకపోతే కందమే కాదు. నేను స్కూల్లో చదివిందే ఇది, పది మార్కుల కోసం. పోతన పేరుతో నేను పంపింది పోతన రాసింది కాదు, అసలు పద్యమే కాదు.

సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి జరిగింది చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "అరణ్యపర్వం ఆఖర్లో ఎర్రన తన గురించి ఏం చెప్పుకున్నాడో చదివిరా, తర్వాత మాట్లాడదాం" అన్నారు. అలా మొదలైందే ఈ ఎపిసోడ్.

ముందు టెక్నికల్ సంగతి చిన్నగా చెప్పేస్తా, నేనూ కోడ్ రాసి బతికినవాణ్ణే కదా. ఈ మోడల్స్ మాటల వరసలో తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో లెక్కేసి, ఆ ముక్కలు పేర్చుకుంటూ పోతాయి. భాగవతం తెరిచి చూసి చెప్పడం లేదు. పద్యం ఇలా వినిపిస్తుంది అన్న వాసన వాటికి తెలుసు. గణాలు, యతి, ప్రాస లెక్కపెట్టే పని వేరు. పైగా నెట్‌లో ఇంగ్లిష్ సముద్రమంత ఉంటే తెలుగు చెరువంత కూడా లేదు. అందుకే ధీమాగా ఉంటుంది, తప్పుగా ఉంటుంది. సరే, అది మెషీన్ సంగతి. నా సంగతి వేరే. పద్యం తప్పుగా ఉండటం ఒక తప్పు, ఆ నాలుగు పేరాలు నేనే రాశానని నమ్మించడం ఇంకో తప్పు. పద్యం కరెక్టుగా వచ్చి ఉంటే ఆ రెండో తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు.

ఇప్పుడు వెయ్యేళ్లు వెనక్కి వెళ్దాం. 11వ శతాబ్దం, రాజమహేంద్రవరం. తూర్పు చాళుక్య రాజు రాజరాజనరేంద్రుడు. మహాభారతాన్ని తెలుగులోకి తెమ్మని నన్నయను అడిగాడు. మనకు దొరికే తెలుగు కావ్యాల్లో మొదటిది అదే. ఆ పుస్తకం మొదట్లోనే నన్నయ ఒక మాట చెప్పుకున్నాడు. నారాయణభట్టు అనే తన స్నేహితుడు ఈ పనిలో తోడున్నాడని. మామూలుగా కూడా కాదు, భారతయుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు తోడున్నట్టు అని. ఆలోచించండి. ఆదికవి అని మనం పిలుచుకునే మనిషి, తన పుస్తకంలో తనను అర్జునుడి స్థానంలో పెట్టుకుని, రథం తోలింది వేరే ఆయన అంటున్నాడు.

అక్కడితో అయిపోలేదు. నందంపూడి శాసనం అని ఒకటుంది. రాజరాజనరేంద్రుడు ఈ నారాయణభట్టుకు నందంపూడి అనే ఊరిని అగ్రహారంగా ఇచ్చిన శాసనం. అందులో నారాయణభట్టు ఎన్ని భాషల్లో కవో పొగిడారు. ఆ శాసనం రచించింది ఎవరనుకున్నారు? నన్నయే. అంటే హెల్పర్ పేరు పుస్తకంలో చెప్పాడు, హెల్పర్‌కి ఊరు ఇచ్చిన రాగి రేకుల మీద కూడా తన మాటల్లోనే చెప్పాడు. మనవాళ్లు ప్రాజెక్ట్ రిలీజయ్యాక పెట్టే థాంక్యూ మెయిల్లో టెస్టింగ్ టీమ్ పేరు మర్చిపోతుంటారు, గుర్తుందా. ఊరికే అన్నా.

నన్నయ ఆదిపర్వం, సభాపర్వం పూర్తి చేసి, అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో ఆగిపోయాడు. శరత్కాలపు రాత్రులను వర్ణించే పద్యం దగ్గర. ఎందుకు ఆగిందన్నదానికి రకరకాల కథలున్నాయి, వాటి జోలికి నేను పోను. 13వ శతాబ్దంలో తిక్కన వచ్చి విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. మధ్యలో ఆ అరణ్యపర్వం ఖాళీ అలాగే ఉండిపోయింది. దాన్ని 14వ శతాబ్దంలో పూరించినవాడు ఎర్రన. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి. అందుకే మా పెదనాన్నకు ఎర్రన అంటే సొంత ఊరి మనిషి.

ఎర్రన చేసిన పని నాకు చాలా ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది. నన్నయ వదిలిన చోటే, అదే శరత్కాలంతోనే అందుకున్నాడు. శైలి మొదట నన్నయకు దగ్గరగా మొదలై, మెల్లగా తిక్కన వైపు జరుగుతుందని పండితులు చెప్తారు. తన రాజు ప్రోలయ వేమారెడ్డి పేరు పెట్టలేదు, దాదాపు మూడు వందల ఏళ్ల కింద పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితం కొనసాగించాడు. నన్నయే రాసినట్టుగా నడిపాడు. ఇంతవరకే చూస్తే ఇది కూడా నేను చేసిందే కదా? ఒకరి గొంతుతో ఇంకొకరు మాట్లాడటం. కానీ పర్వం చివరికి వచ్చేసరికి ఎర్రన బయటకొచ్చాడు. తన గోత్రం, తన పేరు చెప్పి, నన్నయ రచన లాగే ఉండేట్టు ఈ మిగిలిన భాగం పూరించింది నేను అని రాసుకున్నాడు. అతుకు కనపడకుండా కుట్టి, చివర్లో అతుకు ఎక్కడుందో చెప్పేశాడు. ఆ మాట రాయకపోయినా 14వ శతాబ్దంలో అతన్ని అడిగేవాళ్లు ఎవరు?

భాగవతం సంగతీ అంతే. మనం పోతన భాగవతం అంటాం కానీ పంచమ స్కంధం గంగన, ఆరోది ఏర్చూరి సింగన, చివరి రెండూ వెలిగందల నారయ రాశారు. ఆ భాగాల చివర గద్యల్లో ఎవరి పేరు వాళ్లకుంది. పన్నెండు స్కంధాల్లో నాలుగు వేరేవాళ్లవని మనకు ఇవాళ తెలుస్తోందంటే ఆ గద్యల వల్లే. నేను పంపిన దొంగ పద్యం ఏడో స్కంధం పేరు మీద. కనీసం పోతన రాసిన స్కంధమే ఎంచుకుంది ఆ మెషీన్, అదొక్కటి సంతోషం.

ఇక్కడ ఒక ఆపోజిట్ కేసు కూడా చెప్పాలి, లేకపోతే మన పూర్వీకులందరూ సత్యహరిశ్చంద్రులే అన్నట్టుంటుంది. వేమన. గుడులు, విగ్రహాలు, కులం, దొంగ గురువులు అన్నింటి మీదా వేమన పద్యాలున్నాయి. అందుకే మతం గురించి ఏ వాదన వచ్చినా రెండు పక్షాలవాళ్లూ వేమనను లాక్కొస్తారు. ఆటవెలది రాయడం వచ్చి, చివరి పాదంలో ఆయన పేరు తగిలిస్తే చాలు, వేమన పద్యం తయారు. సి.పి. బ్రౌన్ 1829లో వేసిన పుస్తకంలో 693 పద్యాలున్నాయి. 1839లో రెండోసారి వేసినప్పుడు 1164. పదేళ్లలో వేమన లేచొచ్చి 471 రాయలేదు కదా. కొన్ని కొత్త తాళపత్రాల్లో దొరికినవి, కరెక్టే. కానీ మొత్తం మీద వేమన పేరుతో తిరిగేవి వేలల్లో ఉన్నాయి. అందులో ఏది ఆయనది, ఏది ఎవడో తన కోపం తీర్చుకోవడానికి కట్టింది అని తేల్చడం ఇవాళ్టికీ ఎవరి వల్లా పూర్తిగా కాలేదు. ఎర్రన చెప్పిన ఆ ఒక్క మాట వీళ్లు చెప్పకపోవడం వల్ల వచ్చిన తలనొప్పి ఇది.

బ్రౌన్ కూడా ఒక్కడే కూర్చుని చేయలేదు. కడపలో బంగళా కొని, జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య లాంటి పండితులకు జీతాలిచ్చి, ప్రతులు పక్కపక్కన పెట్టి పోల్చి రాయించాడు. పుస్తకాల మీద పెద్దక్షరాల్లో కనపడేది మాత్రం బ్రౌనే. అంతకుముందు విశాఖపట్నంలో లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ బైబిల్‌ని తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టినప్పుడు, వాళ్లకు సాయం చేసింది మతం మారిన ఒక బ్రాహ్మణుడు, ఆనందరాయరు. 1812లో శ్రీరామపూర్ ప్రెస్‌లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చయ్యే నాటికి ఆ ఇద్దరు మిషనరీలూ చనిపోయారు. ఆనందరాయరు పేరు మిషన్ చరిత్రల్లో మిగిలింది, అతని అదృష్టం. అప్పట్లో చాలామంది మున్షీలు, పండితులు "మున్షీ", "పండిట్" అన్న మాటల కిందే మాయమైపోయారు.

సరే, మన ఏరియాకి వద్దాం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ఓపెనైంది. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. అక్కడ, దానికి ముందు ఐఐటీ కాన్పూర్‌లో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నడిచిన ప్రాజెక్టు ఒకటుంది, అనుసారక. తెలుగు, కన్నడ లాంటి భాషల టెక్స్ట్‌ని హిందీ తెలిసినవాళ్లు చదువుకునేలా మార్చే సాఫ్ట్‌వేర్. పాణిని వ్యాకరణం పద్ధతి మీద కట్టారు. దీంట్లో నాకు నచ్చింది ఏంటంటే, అది నున్నగా రాయడానికి ప్రయత్నించలేదు. హిందీలో సరైన మాట లేనిచోట గుర్తులు పెట్టి, ఇక్కడ మూలంలో ఉన్నది ఇది, హిందీలో సరిగ్గా కుదరలేదు అని చూపించేది. చదివేవాడు కొంచెం నేర్చుకుని చదవాలి. గరుకుగా ఉంటుంది, కానీ మూలానికి కట్టుబడి ఉంటుంది. ఇవాళ్టి టూల్స్ దానికి పూర్తిగా రివర్స్. తెలియనిచోట కూడా నున్నగా ఉంటాయి. 2023లో భగవద్గీత పేరుతో చాట్‌బాట్లు వచ్చినప్పుడు, వాటిలో కొన్ని ధర్మం కోసమైతే హింస ఓకే అన్నట్టు జవాబులిచ్చాయని జర్నలిస్టులు బయటపెట్టారు. అదీ కృష్ణుడి గొంతుతో! నేను పోతన గొంతుతో ఫ్యామిలీ గ్రూపులో చేసింది దానికి చిన్న తమ్ముడు.

ఒక ఫ్రెండ్ అడిగాడు, నన్నయకు నారాయణభట్టు ఎలాగో నీకు ఏఐ అలాగే కదా, పేరు చెప్తే అయిపోతుందిగా అని. నాకు అలా అనిపించట్లేదు. నారాయణభట్టుకు సందేహం వస్తే ఆగేవాడు. అతను తప్పు చెప్తే ఆ సభలో అతని ముఖమే చూసేవాళ్లు. నా టూల్‌కి ముఖం లేదు, కాబట్టి నా ముఖం చూడాలి. పేరు చెప్పడం సగం పనే. పద్యం నంబరు చెప్తే పుస్తకం తీసి ఆ నంబరు చూడటం మిగతా సగం. ఇంగ్లిష్ సరిగ్గా రానివాళ్లు, చేత్తో టైప్ చేయలేనివాళ్లు ఏఐతో రాసుకుని దేవుడి గురించి మాట్లాడితే నాకు ఏ ప్రాబ్లమూ లేదు. మా పిన్ని మాత్రం నా మాట నమ్మి, ఆ దొంగ పద్యాన్ని వాళ్ల సత్సంగంలో చదివింది. అది నాకు తర్వాత తెలిసింది.

గ్రూపులో మొత్తం రాసి పెట్టాను. ఏ పేరా ఎక్కడిది, పద్యం ఎందుకు పద్యం కాదు, అన్నీ. ఈసారి ఎమోజీలు రాలేదు. పిన్ని మూడు రోజులు మాట్లాడలేదు, తర్వాత ఫోన్ చేసి "సత్సంగంలో నేనేం చెప్పాలిరా ఇప్పుడు?" అంది. నా పేరు చెప్పు పిన్నీ అన్నాను. చెప్పిందట. పెదనాన్న సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడి ఘట్టం పేజీ ఫోటో తీసి పెట్టారు, చేతి నీడ పడి సగం కనపడలేదు. నవవిధ భక్తి అంటారే, అది అక్కడిదే. ఆ తొమ్మిదింటిలో స్మరణ ఉంది, అర్చనా ఉంది. కాబట్టి మా వాదన ఎవరూ గెలవలేదు, పైగా వచ్చే కార్తీకానికి నన్ను అద్దంకి రమ్మన్నారు.

ఆఖర్లో ఒకటి, ఇకనుంచి ప్రతి ఎపిసోడ్‌కీ ఇది చెప్తా. ఈ స్క్రిప్ట్ నేనే రాశాను, పెదనాన్న రెండుసార్లు చదివి దిద్దారు. ఈ ట్రాన్స్‌క్రిప్ట్ మాత్రం ఏఐ టైప్ చేసింది. అది నందంపూడిని మూడు చోట్లా నందమూరి అని కొట్టింది, చేత్తో మార్చాను. ఇంకెక్కడైనా కనపడితే కామెంట్లో టైమ్ కోడ్ పెట్టండి.