కుందూ ఒడ్డు పసుపు: రంగు చరిత్ర, మందు కథ

నంద్యాల నుంచి కోవెలకుంట్ల దారి పడితే గోస్పాడు వస్తుంది. కుందూ నది లోయలో ఇంకా కిందికి పోతే ఆళ్లగడ్డ, చాగలమర్రి, ఆపైన కడప జిల్లా దువ్వూరు, మైదుకూరు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పడవలు నడపడానికీ పొలాలు తడపడానికీ తవ్వించిన కర్నూలు-కడప (కేసీ) కాలువను 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఆ నీటి కింద వరితో పాటు వేళ్లూనుకున్న పంట పసుపు. తొమ్మిది నెలలు నేలలో ఉండి, సంక్రాంతి దాటాక తవ్వకానికి వస్తుంది. తవ్విన దుంపను అలాగే అమ్మరు. పెద్ద బానల్లో పోసి, పైన ఎండాకు కప్పి, నురుగు పొంగి ఘాటు వాసన వచ్చేదాకా ఉడకబెడతారు. ఒక పుల్ల గుచ్చి చూస్తారు, అది అడ్డు లేకుండా దిగితే దించుతారు. తరవాత కళ్లంలో రెండు వారాల ఎండ. అయిదు బస్తాల పచ్చి దుంప ఒక బస్తా ఎండు కొమ్ములవుతుంది. ఆపైన డ్రమ్ములో వేసి తిప్పి పొట్టు రాల్చి మెరుగు పెడతారు. దుగ్గిరాల, మైదుకూరు, టేకూరుపేట, ఆర్మూరు అని పసుపు రకాలకు ఊళ్ల పేర్లే పెట్టుకున్న జాతి మనది. ఇంత పాటు పడి సంతకు తెచ్చిన కొమ్మును కొనేవాడు చేసే మొదటి పని దాన్ని పుటుక్కున విరిచి లోపలి రంగు చూడటం.

ఆ విరుపులోనే ఈ వ్యాపారం చరిత్ర అంతా ఉందని నా వాదన. పసుపు రంగుకు కారణమైన కుర్కుమిన్‌ను వోగెల్, పెల్తియే అనే రసాయనికులు 1815లో వేరు చేశారు, దాని అణు నిర్మాణం 1910లో తేలింది. ఎండు పసుపులో అది మామూలుగా నూటికి రెండు నుంచి అయిదు పాళ్లు ఉంటుంది. రసాయనికుడు పుట్టకముందే సంతలో బేరగాడు కంటితో కొలిచినది ఆ రెండు, అయిదు పాళ్లనే. రైతు ఏటా విత్తనానికి మంచి కొమ్ము ఎంచి దాచిందీ దాన్నిబట్టే. కాబట్టి ఈ లోయ మనుషులకు కుర్కుమిన్‌తో తరాల పరిచయం ఉందనడంలో అతిశయోక్తి లేదు. అయితే ఆ పరిచయం రంగుతో. దాన్ని మందుతో పరిచయంగా, అందులోనూ క్యాన్సర్ మందుతో పరిచయంగా చెప్పుకోవడం గత ముప్పై నలభై ఏళ్లలో మొదలైన మాట. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉందని తేలిన పెద్దమనిషికి చుట్టపక్కాలు ముందుగా చెప్పేది పసుపు పాలు, తరవాత పసుపు మాత్రలు. మన పూర్వులకు తెలిసిందేగా అంటారు.

పూర్వులకు తెలిసినదేమిటో నిదానంగా చూద్దాం. గడపకు పసుపు, మంగళసూత్రానికి పసుపు తాడు, శుభలేఖ మూలలకు పసుపు, కొత్త బట్ట అంచుకు పసుపు. దెబ్బ తగిలితే పసుపు అద్దడం, జలుబుకు పాలలో వేయడం. ఒంటికి రాసుకునే పసుపులో సింహభాగం ఆడవాళ్లది. ప్రోస్టేట్ మగవాడికి మాత్రమే ఉండే గ్రంథి, అదీ మూత్రాశయం కింద లోలోపల దాగి ఉంటుంది. ముసలితనంలో మూత్రం ఆగి ఆగి రావడం పాత వైద్యుడికి తెలుసు. అది గ్రంథి వట్టిగా ఉబ్బడం వల్లనో, అందులో క్యాన్సర్ పుట్టడం వల్లనో విడదీసి చెప్పే సాధనం ఆయన దగ్గర లేదు. మగ హార్మోను ఆపితే ఈ క్యాన్సర్ తగ్గుతుందని చార్లెస్ హగిన్స్ చూపింది 1941లో. ప్రోస్టేట్ జాడ చెప్పే పీఎస్‌ఏ రక్తపరీక్షకు అమెరికాలో అనుమతి వచ్చింది 1986లో. జబ్బునే గుర్తుపట్టలేని కాలంలో దాని మందును పరీక్షించి ఉంటారని ఎలా అనుకుంటాం? దీనికి ఒక గట్టి అభ్యంతరమే ఉంది: వాగ్భటుడు అష్టాంగహృదయంలో ప్రమేహానికి పసుపూ ఉసిరీ శ్రేష్ఠమన్నాడు కదా, అది మూత్రరోగమే కదా అని. నిజమే, అన్నాడు. కానీ ప్రమేహమంటే మూత్రం అతిగా పోవడం, చక్కెర వ్యాధికి దగ్గరి లక్షణం. ప్రోస్టేట్ రోగిది మూత్రం రాని బాధ. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం వాగ్భటుడికే అన్యాయం.

మరి ఈ నమ్మకానికి అంత బలం ఎక్కడిది? కొంత బలం ఒక కేసు నుంచి వచ్చిందనుకుంటాను. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి, పసుపుతో పుండ్లు మాన్పే పద్ధతి మీద పేటెంటు దక్కింది. మన దేశపు శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్, మషేల్కర్ నాయకత్వంలో, దాన్ని సవాలు చేసి పాత గ్రంథాలు, వ్యాసాలు ముందు పెట్టింది. 1997లో పేటెంటు రద్దయింది. గెలుపు న్యాయమైనదే. కానీ పేటెంటు కార్యాలయం తేల్చింది ఒకటే: ఇది కొత్త సంగతి కాదని. పనిచేస్తుందా అన్న ప్రశ్న అక్కడ విచారణకే రాలేదు. జనం జ్ఞాపకంలో మాత్రం ‘పసుపు మందు అని అమెరికా ఒప్పుకుంది’గా ఆ తీర్పు స్థిరపడింది. పుండు కాస్తా కాలక్రమంలో క్యాన్సర్ అయింది.

ఆ దశాబ్దం నుంచీ ప్రయోగశాలల్లో కుర్కుమిన్ మీద వేల పత్రాలు వచ్చాయి. గాజు పళ్లెంలో పెంచిన ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద పోస్తే అవి చచ్చాయి, మగ హార్మోను సంకేతాలు మందగించాయి. అబద్ధం కాదు. కానీ ఇక్కడ మళ్లీ రంగే అడ్డొస్తుంది. కుర్కుమిన్ కాంతిని పీలుస్తుంది, మెరుస్తుంది, అందిన ప్రొటీనుకల్లా అంటుకుంటుంది. రంగు, వెలుగు కొలిచే పరీక్షలను అది తేలిగ్గా మోసం చేస్తుంది. ఈ సంగతిని 2017లో కాథరిన్ నెల్సన్ బృందం విపులంగా రాసి, అప్పటివరకూ ఏ జబ్బుకూ కుర్కుమిన్ పక్కా ట్రయల్‌లో గెలవలేదని తేల్చింది. మన పారాణి గుర్తు చేసుకోండి: పసుపులో సున్నం కలిపితే ఎర్రబారుతుంది. రక్తానికుండే పాటి స్వల్ప క్షారత్వంలో, ఉత్త నీటి ద్రావణంలో ఉంచితే, కుర్కుమిన్ అరగంటలో చాలావరకు విరిగిపోతుంది. ఎర్రబారడం, విరిగిపోవడం ఒకటే కాకపోయినా, రెండు చోట్లా క్షారం ముందు నిలవలేనిది ఆ అణువే. దానికి తోడు పేగు దాన్ని సరిగా పీల్చదు, కాలేయం వెంటనే మార్చేస్తుంది. మిరియాల పైపరిన్ కలిపితే రక్తంలో ఇరవై రెట్లు కనబడిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. ఇరవై రెట్లు అంటే బ్రహ్మాండంగా వినిపిస్తుంది గానీ, దాదాపు సున్నాకు ఇరవై రెట్లు అది.

మనుషుల మీద చేసిన పరీక్షలు తక్కువే, అయినా ఉన్నాయి. కొరియాలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు హార్మోను చికిత్స విరామాలతో తీసుకుంటున్న వారికి ఆరు నెలలు రోజుకు 1,440 మిల్లీగ్రాముల కుర్కుమిన్ ఇచ్చి, ఉత్తుత్తి మాత్రలు మింగిన వారితో పోల్చారు. 2019లో ఫలితం వచ్చింది. మళ్లీ చికిత్స అవసరమయ్యే గడువు పెరగలేదు. మాత్రలు మింగుతున్నన్నాళ్లూ పీఎస్‌ఏ పెరిగిన వారి సంఖ్య మాత్రం తక్కువగా ఉంది. ఇది ఆశ చూపే సంగతే, కొట్టిపారేయను. ఫ్రాన్స్‌లో డోసిటాక్సెల్ అనే క్యాన్సర్ సూదిమందుకు కుర్కుమిన్ జోడించి చేసిన పరీక్షను, ఇక ప్రయోజనం కనబడదని మధ్యలోనే ఆపేశారు. ఇక లెక్క వేసి చూడండి: నూటికి మూడు పాళ్ల పసుపుతో ఆ 1,440 మిల్లీగ్రాములు కావాలంటే రోజుకు 48 గ్రాముల పొడి తినాలి. పప్పులో పడే చిటికెడుకూ దీనికీ పోలిక లేదు.

మన దేశంలో ప్రోస్టేట్ క్యాన్సర్ తక్కువ, అది పసుపు మహిమే అనే వాదన ఉంది. ఇది చాలావరకు అరవై అయిదు దాటాక బయటపడే జబ్బు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయువు 32 ఏళ్ల చుట్టూ ఉంది. పరీక్ష చేస్తేనే దొరికే జబ్బు కనుక పరీక్షలు లేని చోట తక్కువగా లెక్కకొస్తుంది. పల్లెల్లో కంటే నగరాల్లో ఎక్కువ కనబడటానికి అదొక కారణం. నగరాల వాళ్లు పసుపు మానేయలేదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటి: డోసిటాక్సెల్ మాత్రం చెట్టు నుంచి రాలేదా? వచ్చింది. 1962లో అమెరికా క్యాన్సర్ సంస్థ కోసం ఆర్థర్ బార్‌క్లే అనే వృక్షశాస్త్రజ్ఞుడు వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో యూ చెట్టు బెరడు కోశాడు. మన్రో వాల్, మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వాణీ కలిసి 1971లో దాని నుంచి టాక్సాల్‌ను బయటపెట్టారు. కణం లోపలి సన్నని గొట్టాలను బిగించి విభజనను ఆపేస్తుందని సుసాన్ హార్‌విట్జ్ 1979లో చెప్పింది. బెరడు కోస్తే చెట్టు చస్తుంది కాబట్టి, ఫ్రాన్స్‌లో పియర్ పోత్యే బృందం ఐరోపా యూ ఆకుల నుంచి దాని దగ్గరి చుట్టం డోసిటాక్సెల్‌ను తయారు చేసింది. వెయ్యి మందికి పైగా రోగుల మీద పాత మందుతో పోల్చి చూసి, 2004లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆమోదం ఇచ్చారు. ఇంతా చేసి పెరిగిన ఆయువు ఎంతో తెలుసా? మధ్యస్థ లెక్కలో 16.5 నెలల నుంచి 18.9 నెలలకు. నలభై ఏళ్ల పని, రెండున్నర నెలలు! అంత చిన్న లాభాన్ని కూడా నిలబెట్టి చూపాలంటే వెయ్యి మంది కావాలి. గాజు పళ్లెం చాలదు. యూ చెట్టు మందు నిలిచింది ఏ అమ్మమ్మ సిఫారసుతోనూ కాదు.

పోనీ, పసుపు మాత్ర పనిచేయకపోతే పోయేదేముంది అంటారు. 1990లలో ప్రోస్టేట్ రోగులు పీసీ-స్పెస్ అనే ఎనిమిది మూలికల మాత్రలు ఎగబడి కొన్నారు, పీఎస్‌ఏ నిజంగానే పడిపోయింది. తీరా పరీక్షిస్తే కొన్ని విడతల్లో పాతకాలపు కృత్రిమ ఈస్ట్రోజెన్, రక్తం పలుచబరిచే వార్ఫరిన్ బయటపడ్డాయి. 2002లో వెనక్కి తీసుకున్నారు. పసుపు వరకు వస్తే, కొమ్ముకు నిగనిగలాడే రంగు రావడానికి సీసం క్రోమేటు పూసే మోసాన్ని బంగ్లాదేశ్‌లో 2019లో పరిశోధకులు పట్టుకున్నారు. మళ్లీ రంగే. ఇప్పుడు కుర్కుమిన్ తీసే కంపెనీలు కొమ్మును విరిచి చూడవు, ప్రయోగశాలకు పంపి శాతం అడుగుతాయి. మేఘాలయ లకడాంగ్ పసుపులో అది ఏడు పాళ్లు దాటుతుంది కాబట్టి, రెండు మూడు పాళ్లున్న కొమ్ము తక్కువ రకం అయిపోతుంది. వంటింటి కోసం, గడప కోసం తరాలుగా ఎంచుకుంటూ వచ్చిన కుందూ ఒడ్డు పసుపు, తనకు సంబంధం లేని మాత్రల కొలతలో తూగి, క్వింటాకు ఇంతని ధర కట్టించుకుంటోంది.