తోకకి సున్నం తగిలితే

1605లో బందరు తీరానికొచ్చిన వలందుల ఓడ పేరు డెల్ఫ్ట్. వలందులంటే డచ్చివాళ్ళు, ఊళ్ళో వలందపాలెం అనే పేరు మిగిలింది వాళ్ళవల్లే. డెల్ఫ్ట్ హాలండులో ఓ పట్నం. వాళ్ళ ఈస్టిండియా కంపెనీకి ఉన్న ఆరు శాఖల్లో ఒకటి అక్కడ ఉండేది. ఇంతవరకూ చరిత్ర పాఠమే. నన్ను కుర్చీలోంచి లేపింది తర్వాతి ముక్క: మగజీవి వీర్యంలో తోకలాడించే కణాల్ని చూసి మొదటిసారి వర్ణించినవాడూ ఆ డెల్ఫ్ట్ వాడే. పైగా బట్టల వర్తకుడు.

పేరు ఆంటోనీ వాన్ లేవెన్‌హుక్. పోగులు లెక్కపెట్టే భూతద్దంతో మొదలుపెట్టి చెరువు నీళ్ళూ పంటి గారా ఏదీ వదలకుండా చూశాడు. 1677లో లండన్ రాయల్ సొసైటీకి రాసిన ఉత్తరంలో వీర్యకణాల సంగతి చెప్పి, వెంటనే సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాడు: పరీక్షకి తీసుకున్నది పాపపు పని చేసి తెచ్చింది కాదనీ, భార్యతో కాపురంలో మిగిలిందేననీ. పండితులకి రోతగా అనిపిస్తే అచ్చు వేయొద్దన్నాడు. ఆయన బల్ల మీద బందరు అద్దకం గుడ్డ పరిచినట్టు ఊహించుకోవడం నా సరదా.

తోక ఆడుతోందని తెలిసింది. ఎందుకాడుతోంది? ఆ మాట అడగడానికి తీరికెక్కడ, కణం తలలో చిట్టి మనిషి ముడుచుకు కూర్చున్నాడా లేదా అన్న తగువే చాలాకాలం నడిచింది. రెండొందలేళ్ళు దాటేద్దాం.

1880ల్లో సిడ్నీ రింగర్ అనే లండన్ వైద్యుడు కప్ప గుండెని ఉప్పునీళ్ళలో పెట్టి కొట్టుకునేట్టు చేశాడు. తీరా చూస్తే ఆ ఉప్పు కలిపింది కుళాయి నీళ్ళలో. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపేసరికి గుండె ఆగింది. కుళాయి నీళ్ళలో ఉన్నదీ రెండోదాంట్లో లేనిదీ సున్నం, అంటే కాల్షియం. 1883లో ఆయన ఆ పొరపాటు ఒప్పుకుంటూ మళ్ళీ రాశాడు. జీవకణానికి కాల్షియం కబురందిస్తుందన్న కథకి అసలు మొదలు ఇక్కడే.

ఆ కబురు తీరు దివిసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మురుగుకాలువ చివర షట్టర్ దించి ఉంటేనే పోటు నీరు చేలోకి ఎగదన్నదు. కణం సంగతీ అంతే. లోపల కాల్షియం బయటికంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. పొరలో ఉన్న సన్నటి ప్రొటీన్ తూము, అదే అయాన్ చానెల్, ఒక్క క్షణం తెరుచుకుంటే కాల్షియం బిలబిలా లోపలికొస్తుంది. చేనుకి అది చేటు. వీర్యకణానికి మాత్రం తోక కొరడాలా విదల్చమని హుకుం.

ఇక నాకు ఇష్టమైన చోటికొచ్చాను, హైదరాబాద్‌కి. పుష్ప మిత్ర భార్గవ అజ్మీరులో పుట్టినా హైదరాబాద్ వాడైపోయిన మనిషి. 1977లో మొదలైన సీసీఎంబీ అనే జీవకణ పరిశోధనా కేంద్రానికి తొలి డైరెక్టర్. ఆంబోతు వీర్యమంటే ఆయనకి పాత పరిచయం. 1979లో ఇ.ఎస్.పి. రెడ్డితో కలిసి 'నేచర్' పత్రికలో ఓ కొత్త ప్రొటీన్ గురించి రాశాడు. కణాలు ఈదే ద్రవంలో ఉంటుందది. పేగుల్లో బతికే ఇ. కోలై బాక్టీరియాని రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ తయారీ ఆపి చంపుతుంది. దానికి పెట్టిన పేరు సెమినల్‌ప్లాస్మిన్. వీర్యంలో యాంటీబయాటిక్ లాంటి సరుకన్నమాట!

మూడేళ్ళకి, 1982లో, అమెరికాలో విస్కాన్సిన్‌లో హెన్రీ లార్డీ బృందానికి ఆంబోతు వీర్యంలోనే మరో ప్రొటీన్ దొరికింది. వాళ్ళ గొడవ బాక్టీరియా కాదు, కాల్షియం. వీర్యకణంలోకి కాల్షియం పోకుండా అడ్డుపడుతోంది కాబట్టి 'కాల్షియం ట్రాన్స్‌పోర్ట్ ఇన్హిబిటర్' అన్న మాటలు కుదించి క్యాల్ట్రిన్ అన్నారు. 1985లో దాని నిర్మాణం తేల్చారు: 47 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. 1986లో హైదరాబాద్ నుంచి సీతారాం, కుమారి, భార్గవ ఓ చిన్న వ్యాసం వేశారు. సారాంశం ఒక్క వాక్యం: సెమినల్‌ప్లాస్మిన్, క్యాల్ట్రిన్ ఒకే ప్రొటీన్.

ఒకరికి అది క్రిమిసంహారి, ఇంకొకరికి కాల్షియం కాపలాదారు. ఇద్దరూ నిజమే చెప్పారు. 1995లో దాని జన్యువు వంశం తీస్తే, ఆకలి తగ్గించే పేగు హార్మోను పీవైవైకి దాయాది అని తేలింది. మనవాళ్ళు పెట్టిన పేరు అది ఉండే చోటునే చెబుతుంది, అమెరికా పేరు ఒక్క ఉద్యోగాన్నే. ఏ పాఠ్యపుస్తకంలోనూ హైదరాబాద్ ముక్క నాకు చదివించలేదని మాత్రం ఉడుకుమోత్తనం ఉంది.

అసలు తూము ఏదో 2001లో బోస్టన్‌లో డేవిడ్ క్లాఫమ్ బృందం పట్టుకుంది. పేరు క్యాట్‌స్పర్. అది లేని ఎలుకల వీర్యకణాలు ఈదుతాయి, కానీ గుడ్డు పైపొరని చీల్చే విసురు ఉండదు. మనిషిలో ఆ తూము తెరిచే తాళంచెవి ప్రొజెస్టెరాన్ అని 2011లో తెలిసింది.

గుడివాడ దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఆవులకి కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర బండి మీద ద్రవ నత్రజని ఫ్లాస్కుతో వచ్చేవాడు. మూత తీస్తే తెల్లటి పొగ. మైనస్ 196 డిగ్రీల్లోంచి వీర్యం నింపిన సన్నటి నాళిక తీసి గోరువెచ్చటి నీళ్ళలో వేసేవాడు. ఆవు పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రమొస్తే మర్నాడు పొద్దున వేయించాలనేవాడు. గుడ్డు విడుదలయ్యేది ఎద మొదలైన ఓ రోజుకి పైగా; నాళికలో కణాలకి అంత ఓపిక లేదు. గడ్డకట్టించడంలో పొర దెబ్బతిని కాల్షియం ముందే లోపలికి జొరబడుతుంది, తోక తొందరపడి అలిసిపోతుంది. పైగా కాపలా కాసే ఆ ద్రవాన్ని పచ్చసొన కలిపిన మందుతో ఎన్నో రెట్లు పలచన చేసేస్తారాయె. ఊరి ఆంబోతుకి ఈ తిప్పలేవీ లేవు. ఇప్పుడు ఊళ్ళో ఆంబోతు లేదు. 'అచ్చోసిన ఆంబోతు' అన్న తిట్టు మాత్రం భద్రంగా ఉంది.

మళ్ళీ తూము సంగతికొస్తే, కోళ్ళకీ కప్పలకీ చాలా రకాల చేపలకీ క్యాట్‌స్పర్ లేదు, పరిణామం మధ్యలో ఎక్కడో పోగొట్టుకున్నాయి. కార్పు జాతి చేపల తోక నిద్రలేవడానికి కావలసింది మంచినీళ్ళే. చుట్టూ ఉప్పదనం ఒక్కసారిగా పలచబడితే పొర మీది విద్యుత్తు మారి, లోపల కాల్షియం పెరుగుతుంది; ఆ తర్వాత ఈత నిమిషం అటూ ఇటూ. అందుకే హేచరీల్లో గడ్డిచేప, వెండిచేప గుడ్లని పొడి బేసిన్‌లోకి పిండి, పైన మగచేప పాలు, అంటే వీర్యం, పిండి, కోడి ఈకతో కలిపాకే నీళ్ళు పోస్తారు. బేసిన్ ముందే తడిగా ఉందా, ఆ పూట పని చెడినట్టే.